రాజవ్వ ఆగే చోటు

నా బేరాలన్నిటిలోకీ గొప్పది ఏదని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పగలను. ఒక మనిషి గొంతును ఆమెకు తెలియకుండా తీసుకున్నాను. దాన్ని మా సూరత్‌లోని అడాజన్‌లో అరవై ఇళ్లకు అమ్మాను. చివరికి, ఇది నువ్వు పాడిందేనని నమ్మించి ఆమెకే అంటగట్టాను. గిరాకీ ఒక్కసారి కూడా సరుకు వెనక్కి తేలేదు. ఇంత శుభ్రమైన బేరం సూరత్ బజారులో మా నాన్న కూడా చేసి ఉండడు.

గొప్ప చెప్పుకుంటున్నట్టుంది కదా. చాలా ఏళ్లు నాకు నేను ఇలాగే చెప్పుకున్నాను. తలమీద మూట ఉన్నవాడు నవ్వుతూ నడవగలడు, పాట కూడా పాడగలడు. దించుకోవాలంటే మాత్రం ఇంకొకరి చెయ్యి కావాలి. ఒక చెయ్యి వేయండి. పేరు అడగకండి. మూటలో ఏముందో నేనే విప్పి చూపిస్తాను.

మా నాన్నది తెలుగువాళ్ల బస్తీలో గాజులూ పసుపు కుంకుమల దుకాణం. అడిగిన వస్తువు లేదని చెప్పడం ఆయన దృష్టిలో పాపం. "లోపల ఉంది, కూర్చో చెల్లె" అని, వెనక గుమ్మంలోంచి పక్క దుకాణానికి పోయి తెచ్చి, తన సరుకులా ముందు పెట్టేవాడు. నేను గాజులు వదిలేసి మైకులు, స్పీకర్లు కిరాయికి ఇవ్వడం మొదలుపెట్టాను. ఫంక్షన్లలో కీబోర్డు వాయిస్తాను కూడా. సరుకు మారింది. నోరు అదే.

రాజవ్వ కరోనా నాటికి ముప్పై ఏళ్ల కింద భర్త వెంట తెలంగాణ నుంచి వచ్చింది. ఊరి శివారు జోల్వాలో మరమగ్గాల షెడ్డులో కండెలు చుట్టేది. భర్త పోయాక కొడుకు, కోడలితో ఉండేది. వరసకు ఏమీ కాకపోయినా నేను అత్తా అనేవాణ్ణి, ఆమె అల్లుడా అనేది. ఆ వరస అడ్డం పెట్టుకొని నన్ను ఎన్ని మాటలైనా అనేది.

బతుకమ్మ వచ్చిందంటే అడాజన్ అపార్ట్‌మెంట్ సొసైటీలోని తెలుగు కుటుంబాలవాళ్లు ఆమె కోసం కారు పంపేవాళ్లు. అక్కడి ఆడవాళ్లు ఫోన్లలో చూసి పాడతారు. రాజవ్వకు చదువు రాదు. ఆమె దగ్గర ఉన్నదంతా తలలోనే ఉంది. అందరికీ తెలిసిన పాటలు కాక ఆమెకంటూ ఒక పాట ఉండేది, తనే కట్టుకున్నది, సూరత్ పాట. రైలెక్కి రావడం దగ్గర మొదలై, షెడ్డులో తొట్టెల కట్టి పిల్లణ్ణి పండబెట్టడం, వరద నీళ్లు ఇంట్లోకి రావడం, అన్నీ అందులో ఉండేవి. ఏటా నాలుగో అయిదో చరణాలు కొత్తగా కలిపేది. "సాంచాల సప్పుడే ఉయ్యాలో, సంటోని జోలాయె ఉయ్యాలో" అని, అంటే మగ్గాల చప్పుడే పసివాడికి జోలపాట అయిందని, ఆమె అందుకుంటే, ఇంజనీర్ల భార్యలూ డాక్టర్ల భార్యలూ ఆమె చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టేవాళ్లు. జోల్వాలో ఆమెను ఏయ్ అని పిలిచేవాళ్లు ఉన్నారు. అడాజన్‌లో ఆ తొమ్మిది రోజులూ రాజవ్వగారు అనేవాళ్లు. కుర్చీ వేసేవాళ్లు.

ఆమె పాటలో ఒక సంగతి ఉంది. కింది స్వరం నుంచి పై స్వరానికి ఎక్కేముందు రెప్పపాటు ఆగేది. మగ్గాల మధ్య అన్నేళ్లు పాడిన మనిషి కదా, ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య సందు చూసుకొని గొంతు ఎత్తడం అలవాటై ఉంటుంది. దిగేటప్పుడు మాత్రం మెత్తగా జారేది. ఇది ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు నాకు తెలియదు. అన్నేళ్లు ఆమె నోటి ముందు మైకు పెట్టినవాణ్ణి నేనే, అయినా వినలేదు.

కరోనాకు ముందు ఏడాది ఆమెను నా మైకుల గదికి పిలిచాను. నీ పాట చిన్న పుస్తకం వేయిస్తాను అత్తా, అడాజన్ పిల్లలు నేర్చుకుంటారు, మాటలు చెప్పు అన్నాను. పాడకుండా మాటలు చెప్పడం ఆమెకు రాలేదు. అందుకని ఒకే శ్రుతిలో, వడ్లు కొలిచినట్టు, ఒక్కో మాటా పలికింది. నలభై చరణాలు అయ్యేసరికి అలిసిపోయింది, మిగతావి ఇంకోసారి అంది. పోయేముందు, హార్మోనియం మెట్లు ఒక్కొక్కటే నొక్కుతూ ప్రతి స్వరానికీ "ఆ" అనిపించాను. మైకు చూసుకుంటున్నానని చెప్పాను.

"మైకును గూడ బేరమాడి కొన్నవా అల్లుడా?" అంది. "ఒక్కసారి జెప్తె ఇనవడదా దానికి?"

పుస్తకం వేయించాలని నాకు నిజంగా ఉండిందా? ఈ ప్రశ్న చాలాసార్లు వేసుకున్నాను. కొంచెం ఉండింది. కానీ ఆ "ఆ"లు పుస్తకానికి కావు. అవి కంప్యూటర్‌లోని సాంప్లర్‌కు. అది ఒక సాఫ్ట్‌వేర్. ఏ ధ్వని ఇచ్చినా ముక్కలు చేసి కీబోర్డు మెట్లకు తగిలిస్తుంది. మెట్టు నొక్కితే ఆ ముక్క, మనం అడిగిన శ్రుతిలో పలుకుతుంది. ఎప్పటికైనా పనికొస్తుందని దాచాను. దుకాణం పెంపకం. సుతిలి తాడు ముక్క కూడా పారేయం.

తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. స్పీకర్లమీద దుప్పట్లు కప్పాను. ఆ ఏడాది నవరాత్రికి ఊరంతా గర్బా లేదు, మాకు బతుకమ్మ లేదు. అప్పుడు అడాజన్ తెలుగు సంఘం పెద్ద, మేం డాక్టరమ్మ అని పిలిచే ఆవిడ, ఫోన్ చేశారు.

"ఎవరిళ్లలో వాళ్లం ఉండి ఆన్‌లైన్‌లో ఆడుకుంటామండీ. రాజవ్వగారు పాడకపోతే పండుగలాగే ఉండదు. వాళ్లింటినుంచే పాడతారేమో కనుక్కుంటారా?"

కనుక్కుంటాను అనాలి. నేను, "పాడుతుంది మేడం" అన్నాను. లోపల ఉంది, కూర్చోండి.

ఫోన్ పెట్టేసి జోల్వాకు చేశాను. కోడలు ఎత్తింది. అత్తకు పదిరోజులుగా జ్వరమట, పాజిటివ్ అట. "శ్వాసనే ఆడ్తలేదన్న, పాటేంది?" అంది. వెనక రాజవ్వ దగ్గు వినిపించింది. పండుగ మూడు రోజుల్లో ఉంది.

మళ్లీ ఫోన్ చేసి, క్షమించండి, ఆమెకు బాగాలేదు అని చెప్పడానికి ఎంతసేపు? అర నిమిషం. ఆ అర నిమిషం ఖర్చు పెట్టలేకపోయాను. ఎందుకు? వాళ్ల ఫంక్షన్లన్నిటికీ మైకులు నావే, ఆ పని పోతుందనా? అది ఒకటి. అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది, చెప్పడానికి సిగ్గేస్తుంది. నా దగ్గర ఆ సరుకు నిజంగానే లోపల ఉందని గుర్తొచ్చింది. చేయగలనా అని చూడాలనిపించింది.

కూర్చున్నాను. నలభై చరణాలను మాటలుగా కోసి మెట్లకు తగిలించాను. వరస వాయించాను. రాజవ్వ గొంతే, కానీ రైల్వే స్టేషన్లో బండి ఆలస్యమని చెప్పే ప్రకటనలా వచ్చింది. ఒక్కో మాట ఒక్కో చోట పుట్టి అక్కడే చచ్చేది. మాటకూ మాటకూ మధ్య మనిషి లేదు. ఒకరోజు దానికే పోయింది.

రెండో రోజు గ్లైడ్ అనే మీట దొరికింది. అది పెడితే రెండో స్వరం తన చోట మొదలవదు. మొదటి స్వరం ఎక్కడ ఉందో అక్కడ మొదలై, జారుకుంటూ తన చోటికి చేరుతుంది. ఆ జారుడు ఎంతసేపో మిల్లీ సెకన్లలో చెప్పుకోవచ్చు. అరవై పెట్టాను, చాలలేదు. మూడువందలు పెడితే తాగినవాడి పాటలా ఊగింది. దించుతూ వచ్చి నూట నలభై దగ్గర ఆగాను. మెట్లు నొక్కాను.

రాజవ్వ గదిలో ఉంది.

కుర్చీ వెనక్కి జరిపి లేచాను. భయమేసింది. ఆ భయం మంచిది, దాని మాట వినాల్సింది. వినలేదు. కూర్చొని మిగతా చరణాలు పూర్తి చేశాను. పైకి ఎక్కినా కిందికి దిగినా అదే నూట నలభై. ఎక్కడా ఆగడం లేదు. నాకు అది నునుపుగా అనిపించింది. నునుపైనదే మంచి సరుకని కదా మేం నేర్చుకున్నది.

పండుగనాడు అరవై ఇళ్లు తెరమీదికి వచ్చాయి. రాజవ్వ పాత ఫొటో పెట్టి, జోల్వాలో నెట్‌వర్క్ బాగాలేదు, వీడియో రాదు, జ్వరంలో కూడా మీకోసం పాడుతోంది అని చెప్పాను. పాట వదిలాను. ఇంటింటా ఆడవాళ్లు హాలు మధ్యలో పళ్లెంలో పూలు పేర్చి, చుట్టూ తిరుగుతూ ఉయ్యాలో అందుకున్నారు. కొందరు ఏడ్చారు. అయిపోయాక డాక్టరమ్మ తెర దగ్గరికి వచ్చి, "రాజవ్వగారూ, ఒక్క మాట మాట్లాడండి. ఎలా ఉన్నారు?" అని అడిగారు.

అరవై ఇళ్లు ఎదురుచూశాయి. నేను కనెక్షన్ తీసేశాను. నెట్ పోయిందని గ్రూపులో రాశాను.

అక్కడితో ఆగి ఉంటే ఇది రాసేవాణ్ణి కాదేమో. మైకులవాళ్లం చిన్నాచితకా మాయలు చేస్తూనే ఉంటాం.

మూడు వారాలకు రాజవ్వ లేచి కూర్చుంది. అడాజన్ వాళ్లు ఆమె కోసం బియ్యం సంచి, పండ్లు, ఉన్ని శాలువా, వేలికి పెట్టుకొని శ్వాస చూసుకునే మిషను పంపారు. స్కూటర్ మీద నేనే మోసుకెళ్లాను. ఆమె గుమ్మం దగ్గర మంచం వేసుకొని, మాస్కు గడ్డం కిందికి లాక్కొని కూర్చుంది. సగమైపోయింది. పక్కన కోడలు ఫోను. అందులో నా పాట మోగుతోంది. అది అప్పటికే గ్రూపులన్నీ తిరిగి జోల్వా చేరింది.

సంచులు దించకముందే అడిగింది.

"అల్లుడా, గీ పాట ఎప్పటిది?"

"మొన్న పండుగదే అత్తా."

"నేను పాడలే గద."

"పాడినవ్."

"నేనా?" నవ్వబోతే దగ్గు వచ్చింది. తగ్గేదాకా చెయ్యి ఎత్తి నన్ను ఆగమంది. "బుక్క లోపటికి పోతలేకుండె నాకు. పాట ఏడికెల్లి అస్తది? గొంతు నాదే, కాదంటలేను. గని గీడ ఇను." ఫోను చెవి దగ్గర పెట్టుకొని నా వైపు వేలు చూపించింది. "సాంచాల సప్పుడే అన్నంక నేను జర ఆగుత. ఆగి ఎక్కుత. గిది ఆగుతనే లేదు. నూనె కాళ్లతోని నడిసినట్టు జారుకుంట పోతుంది. నేను గిట్ల ఎన్నడు పాడలే."

అరవై ఇళ్లు పట్టలేనిది, చేసిన నేనే వినలేనిది, ఆమె మంచం మీద కూర్చొని పట్టేసింది. ఆగుత, ఆగి ఎక్కుత. ఆ క్షణంలో మొదటిసారి నాకు ఆ ఆగడం వినిపించింది, అన్నేళ్ల పండుగలన్నిట్లోనూ ఒకేసారి. నిజం నాలుక మీదికి వచ్చింది. చేతుల్లో సంచులున్నాయి. నిజం చెబితే ఈ సంచులు ఏమవుతాయి? పాడిందనే కదా పంపారు. ఆమె మంచికే నోరు మూసుకోవాలి కదా? చూశారా, ఎంత తొందరగా దొరుకుతుందో కారణం.

దుకాణంలో ఒక పాఠం ఉంది. ఈ రంగు నిన్న చూసింది కాదే అని గిరాకీ అంటే, రంగు గురించి మాట్లాడకూడదు. నిన్న మీరు ఎండలో చూశారు కదా అనాలి. సరుకు మీద పుట్టిన అనుమానాన్ని వాళ్ల కళ్ల మీదికి తిప్పాలి. చిన్నప్పటినుంచి వినీ వినీ నాకు అది ఊపిరి పీల్చినంత తేలిక.

"జరంల ఉన్నవ్ గదత్తా," అన్నాను. "నేనే ఫోన్ జేసిన. పండుకోనే పాడినవ్. జరంల గొంతు నిలువదు, గందుకే జారింది. నీకు యాదికి లేదు."

"యాదికి లేదా?"

"లేదు."

"మొత్తం పాడిన్నా?"

"నలభై సరణాలు."

కోడలి వైపు తిరిగింది. "నువ్వు ఇన్నవా?"

"నేను డ్యూటీల ఉంటి అత్తమ్మా," అంది కోడలు. "ఏమో మరి. జరంల శాన మాట్లాడినవ్ నువ్వు."

సాక్షి కూడా నా వైపే దొరికింది. రాజవ్వ పాట ఆపి ఫోను ఒళ్లో పెట్టుకుంది.

"ఇంక ఏమేం మర్సిపోయిన్నో," అంది.

అంతే అంది. నేను సంచులు లోపల పెట్టి, టీ తాగి, వచ్చేశాను. దారిలో ఏమనిపించిందో రాయాలి కదా. గట్టెక్కాననిపించింది. బాగా చెప్పాననిపించింది.

ఏం చేశానో మరుసటి ఏడాది తెలిసింది. పండుగకు ముందు ఆమె నాకు ఫోన్ చేసి, ఆ పాట కోడలి ఫోన్లోంచి పోయింది, మళ్లీ పంపమంది. నేను ఎట్ల పాడిన్నో నేర్సుకుంట అంది. పంపాను. అవును, పంపాను.

ఆ ఏడు సొసైటీ పార్కింగ్‌లో కొద్దిమందితో ఆడనిచ్చారు. రాజవ్వ వచ్చింది, కుర్చీ వద్దంది, నిలబడి అందుకుంది. మైకు నాది. ఆమె ఆగే చోటు వచ్చింది. ఆగలేదు. జారింది. నేను కంప్యూటర్లో పెట్టిన జారుడు ఆమె గొంతులోంచి వచ్చింది. ఇంకొన్ని చరణాలు పాడి, ఇక్కడ కాదేమో అన్నట్టు తల ఊపి, వెనక్కి వెళ్లి మళ్లీ అందుకుంది. నలభై దాటగానే నిలిచిపోయింది. పక్కనున్న అమ్మాయిని అడిగింది: "తర్వాతేంది బిడ్డా?"

ఆ పాటలో తర్వాత ఏముందో ఆమె ఒక్కదానికే తెలుసు. ఆ అమ్మాయి ఎవరిని అడగాలి? అందరూ నవ్వుముఖాలు పెట్టారు. డాక్టరమ్మ ఫోన్ తీసి, అందరికీ తెలిసిన వేరే పాట చూపించారు. రాజవ్వ, "జరంల కొట్టుకపోయింది," అని నవ్వి కుర్చీలో కూర్చుంది. ఆ తర్వాత అడాజన్ రాలేదు. కారు పంపినా రాలేదు.

కోడలు చెప్పేది, ఇంట్లో కూడా అడుగుతోందని. ఉప్పు వేశానా, తాళం పెట్టానా, నిన్న ఎవరైనా వచ్చారా. అన్ని చరణాలు తలలో మోసిన మనిషి. కరోనా వచ్చినవాళ్లలో కొందరికి మతిమరుపు ఉంటుందని డాక్టరమ్మ ఒకసారి అన్నారు. ఆ మాటమీద చాలా రోజులు నిద్రపోయాను. నిజమే కావచ్చు. కానీ యాదికి లేదని నేను అన్న రోజు ఆమెకు అంతా గుర్తుంది. పాడలేదని గుర్తుంది, ఎక్కడ ఆగుతుందో గుర్తుంది. ఉన్న జ్ఞాపకాన్ని లేదన్నది నేను. తన మీద తనకు నమ్మకం పోయాక తర్వాతి చరణం వచ్చినా, అది సరైనదేనని ఎలా అనుకుంటుంది?

కిందటేడు ధైర్యం చేశాను. ల్యాప్‌టాప్ పట్టుకొని జోల్వా వెళ్లాను. అంతా చెప్పాను, మైకు పరీక్ష దగ్గరనుంచి. నమ్మించడానికి చూపించాను కూడా. గ్లైడ్ పెట్టి వినిపించాను, తీసేసి వినిపించాను. జారుడు తీసేస్తే మాటలు ముక్కలు ముక్కలుగా, మధ్య మధ్య ఖాళీలతో వచ్చాయి. ఆమె ల్యాప్‌టాప్ మీదికి చెవి వంచి ఆ ముక్కలనే వింది.

"గిది గిప్పటి నా గొంతే గద," అంది. "నేను గిప్పుడు గిట్లనే పాడుతున్న. ఎప్పుడు పట్టుకున్నవ్?"

కాదత్తా, ఇది పాతది, నేను అబద్ధం చెప్పాను, నువ్వు పాడలేదు, నువ్వు ఏమీ మర్చిపోలేదు అన్నాను. మూడుసార్లు అన్నాను. ఆమె నా భుజం తట్టింది.

"నన్ను ఊకుంచెతందుకు గింత దూరమొచ్చినవా అల్లుడా? దుకాణపోడు తన సరుకు కల్తీదని ఎన్నడన్న అంటడా? సాలు గని, చాయ్ తాగు."

నా అబద్ధం ఒక్క మాటకు కొన్నది. నా నిజం మూడుసార్లు చెప్పినా కొనలేదు. ఆమె నమ్మకపోతే నన్ను క్షమించడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. అందుకే మీకు చెబుతున్నాను. మీరైనా నమ్మండి. రాస్తుంటే ఛాతీలో కొంచెం గాలి ఆడుతోంది, అదీ దాచను.

లెక్క చెప్పి ముగిస్తాను. నేను తీసుకున్నవి: నలభై చరణాలు, పన్నెండు "ఆ"లు, ఒక మధ్యాహ్నం. నేను ఇచ్చినవి: ఏమీ లేదు. బియ్యం, పండ్లు, శాలువా అడాజన్ వాళ్లవి, నేను మోశానంతే, పైగా ఆ ఇంట్లో రెండుసార్లు టీ తాగాను. నాకు మిగిలింది: ఆ సంఘం ఫంక్షన్లకు మైకుల పని, ఈనాటికీ. ఆమెకు పోయినవి: నలభై తర్వాత ఉన్న చరణాలు. అవి ఎన్నో నాకు తెలియదు. ఏటా ఇన్ని, ఇన్నేళ్లు అని గుణించి ఒక అంకె వేయవచ్చు, కానీ అది అంచనా అవుతుంది, లెక్క కాదు. ఆ గడి అలాగే ఖాళీగా ఉంచుతున్నాను. ఇక వాటిలో జ్వరం తీసుకున్నదెంత, నేను తీసుకున్నదెంత? విడదీయడానికి చాలాకాలం చూశాను, ప్రతిసారీ నా వాటా కొంచెం తగ్గుతూ వచ్చింది. బేరగాణ్ణి కదా. ఇప్పుడు విడదీయడం లేదు. మొత్తం నా పేరునే రాయండి.